నిమిషం మౌనం, ఇంటిదారి: విషాదం తర్వాత రాక్ కచేరీ

2001 అక్టోబర్ 20న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీకి వచ్చి ముందు కూర్చున్నవాళ్ళు మామూలు శ్రోతలు కారు. సెప్టెంబర్ 11 ఉగ్రదాడిలో జంట భవనాలు కూలిన రోజున లోపలికి పరుగెత్తిన అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, తిరిగిరానివాళ్ళ కుటుంబాలు. కొందరి చేతుల్లో పోయినవాళ్ళ ఫోటోలున్నాయి. ఆ రాత్రి 'ద హూ' బ్యాండ్ వాయించినంతసేపూ హాలు ఊగిపోయింది. అదే వేదిక ఎక్కిన నటుడు రిచర్డ్ గేర్, ఈ ఆవేశాన్ని కరుణగా మలచుకోవచ్చు అన్న అర్థంలో నాలుగు మాటలు చెప్పబోతే అదే జనం ఈసడిస్తూ అరిచింది.

గేర్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మరో ఊళ్ళో, ఓ ఏడాది తర్వాత అవే మాటలకు చప్పట్లు పడేవేమో. కానీ దాడి జరిగి అప్పటికి 39 రోజులే. శిథిలాల్లో వెతుకులాట ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటప్పుడు ఆయన జనాన్ని తమ మనసు మార్చుకోమన్నాడు. ద హూ ఏమీ అడగలేదు. గట్టిగా వాయించింది, అంతే. ఓదార్చే విద్య రాక్‌కి పెద్దగా రాదు. వేలమందిని ఒకే చోట, ఒకే లయలో, ఒకే గొంతుగా నిలబెట్టడం మాత్రం వచ్చు. ఆ వచ్చిన పనికే పరిమితమైన కచేరీలు నిలబడ్డాయి. ప్రవచనానికి దిగినవి చాలావరకు బోల్తాపడ్డాయి. మతాల మధ్య చీలిన ఊళ్ళలో ఇంకో మెలిక ఉంది. అక్కడ వేదిక మీద ఏం జరిగిందన్నదానికంటే, వచ్చినవాళ్ళు ఏ దారిన వచ్చారు, ఏ దారిన ఇంటికి చేరారు అన్నదే అసలు ప్రశ్న.

మొదటి పది రోజులు

ఘటన జరిగిన గంటల్లోనే నిర్వాహకుల ముందుకొచ్చే మొదటి ప్రశ్న: కచేరీ ఉంచాలా, ఆపాలా? 2015 నవంబర్ 13న పారిస్‌లో 130 మంది చనిపోయారు. వాళ్ళలో 90 మంది బటాక్లాన్ హాల్లో, ఈగల్స్ ఆఫ్ డెత్ మెటల్ అనే రాక్ బ్యాండ్ కచేరీ జరుగుతుండగానే ప్రాణాలు కోల్పోయారు. మర్నాడు అదే నగరంలో వాయించాల్సిన ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ కచేరీ ఆగిపోయింది. అప్పుడు ఆలోచించాల్సిన పని లేదు. చిక్కంతా ఘటన దూరంగా, మరో నగరంలో జరిగినప్పుడు వస్తుంది. ప్రభుత్వమో పోలీసులో ఆపమంటే ఒక లెక్క, కళాకారులే గౌరవసూచకంగా మానుకుంటే ఇంకో లెక్క. తప్పనిసరై రద్దయితేనే బీమా పనిచేస్తుంది. మనసొప్పక మానుకున్న కచేరీకి సాధారణంగా పైసా రాదు. ఉగ్రదాడికి, జాతీయ సంతాపానికి రక్షణ కావాలంటే చాలా పాలసీల్లో విడిగా కొనుక్కోవాలి. ఘటన వేదికకు ఎంత దూరంలో, కచేరీకి ఎన్ని రోజుల ముందు జరిగిందన్న హద్దులు వాటిలోనూ ఉంటాయి. 'గౌరవంతో రద్దు చేస్తున్నాం' అన్న ప్రకటన రాసే ముందు పాలసీలోని ఆ రెండు అంకెలు చూడకపోతే, పాపం, ఆ గౌరవం ఖరీదు లైట్‌మెన్, డ్రైవర్లు, రోజుకూలీ మీద వేదిక సామగ్రి వేలాడదీసే రిగ్గర్లు కడతారు.

ఉంచాలని తేలితే తర్వాతి పని పాటల జాబితా. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు పాటల్ని మాటల్ని బట్టి ఏరడం. 2001 సెప్టెంబర్‌లో అమెరికా రేడియో సంస్థ క్లియర్ ఛానెల్ స్టేషన్లకు తిరిగిన, వేయకపోతే మంచిదన్న సుమారు 165 పాటల చిట్టా దీనికి మచ్చుతునక. విమానం, మంట, కూలడం లాంటి మాటలున్న పాటలతో పాటు శాంతిని కోరే 'ఇమాజిన్' కూడా అందులోకి ఎక్కింది. పది రోజులు తిరక్కుండానే, సెప్టెంబర్ 21 నాటి టీవీ కచేరీలో నీల్ యంగ్ ఆ పాటే పాడాడు. ఎవరూ నొచ్చుకోలేదు.

నిజంగా వెతకాల్సింది పాటల్లోని మాటల కోసం కాదు, శబ్దాల కోసం. తుపాకీ చప్పుడు, సైరన్, హెలికాప్టర్ లాంటి రికార్డు శబ్దాలు (శాంపిళ్ళు) ఏ పాట మొదట్లో ఉన్నాయో చూడాలి. వేదిక మీది బాణసంచా (పైరో), కాగితపు ముక్కలు చిమ్మే గొట్టాలు, ఢామ్మని పేలే ఏ సామగ్రైనా తీసేయాలి. పాటకీ పాటకీ మధ్య హాలంతా చీకటి చేసే లైట్ల మార్పులను లైటింగ్ ఆపరేటర్ కొంత వెలుగుండేలా మార్చుకోవాలి. తెర మీద నడిచే వీడియోల్లో మంటలు, పడిపోతున్న మనుషులు ఉన్నారేమో చూడాలి. ఇవన్నీ చూసినవాళ్ళు కూడా మరిచిపోయేది ఒకటుంది: కచేరీకి ముందు హాల్లో మెల్లగా మోగే రికార్డు పాటల జాబితా. ఎప్పుడో ఎవరో పెట్టిన జాబితా అలాగే మోగుతుంటుంది. పత్రికలకెక్కే తప్పు అక్కడి నుంచే రావచ్చు.

భయపడి ఉన్న జనానికి చిన్న చప్పుడు చాలు. 2018 సెప్టెంబర్ 29న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జరిగిన గ్లోబల్ సిటిజన్ ఉత్సవంలో ఒక బారికేడ్ కిందపడిన చప్పుడు తుపాకీ కాల్పుల్లా వినిపించి వేలమంది పరుగులు తీశారు. కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్, ఒక పోలీసు అధికారి వేదిక మీదికొచ్చి జరిగిందేమిటో చెప్పాకే పరిస్థితి కుదుటపడింది. అందుకే మంచి బృందాలు ఆపే క్రమాన్ని ముందే రాసిపెట్టుకుంటాయి: మొదట హాలు లైట్లు వెలుగుతాయి, తర్వాత సంగీతం ఆగుతుంది, ఆ తర్వాత ఒకే ఒక్క గొంతు రెండు వాక్యాలు చెబుతుంది. ఈ వరుస తారుమారై, చీకట్లో హఠాత్తుగా సంగీతం ఆగిందా, అదే ఇంకో భయం.

సెప్టెంబర్ 21 టీవీ కచేరీ రూపం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ప్రేక్షకులు లేరు. పాడేవాళ్ళ పేర్లు ప్రకటించలేదు, తెర మీద వేయలేదు. చుట్టూ కొవ్వొత్తులు, పాట అయిపోగానే ఇంకొకరి మాట. ఈ పొదుపు ఊరికే వచ్చింది కాదు. పదో రోజున చప్పట్లు ఎక్కడ కొట్టాలో ఎవరికీ తెలియదు. చప్పట్లు కొట్టే మనిషినే తీసేస్తే ఆ ఇబ్బందే ఉండదు. ఆ కార్యక్రమంలో బాక్సర్ ముహమ్మద్ అలీ ముస్లింగా తన మతం గురించి మాట్లాడాడు. అమెరికాలో ముస్లింల మీద దాడులు మొదలైన రోజులవి. గేర్‌కి జరిగింది అలీకి జరగలేదు. ఎదురుగా గుంపు లేకపోవడం ఒక కారణం. ఆయన ఎవరినీ మనసు మార్చుకోమనకుండా తాను ఎవరో మాత్రమే చెప్పడం అసలు కారణం.

అరవై సెకన్ల పని

ఒక నిమిషం మౌనం పాటించడం తేలికనిపిస్తుంది. నిలబడి ఉన్న ఇరవై వేలమంది గుంపులో అది కచేరీ మొత్తంలోకెల్లా కష్టమైన అంశం. ఇరవై సెకన్లకల్లా ఎవరో ఈల వేస్తారు, వాళ్ళను ఊరుకోమంటూ పదిమంది 'ష్ష్' అంటారు, ఆ ష్ష్ అసలు ఈల కంటే గట్టిగా వినిపిస్తుంది.

ఎప్పుడు పెట్టాలన్నది మొదటి నిర్ణయం. చివర్లో పెడితే జనం అలసి, తాగి ఉంటారు. మొదటి పాటకు ముందే పెట్టడం అన్నిటికంటే క్షేమం. 2016 నవంబర్ 12న బటాక్లాన్‌ను తిరిగి తెరిచిన రాక్ గాయకుడు స్టింగ్ అలాగే చేశాడు. ఫ్రెంచ్‌లో నాలుగు మాటలు, మౌనం, ఆ వెంటనే పాట. ఆ రాత్రి శరణార్థుల గురించి 'ఇన్షల్లా' అనే పాటకు లెబనాన్ మూలాలున్న ఇబ్రహీం మాలూఫ్ ట్రంపెట్ వాయించాడు. ఆ హాల్లో, ఆ అరబిక్ మాటని పాట పల్లవిగా వినిపించడం ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువే చెప్పింది. స్టింగ్ మాత్రం దాన్ని ఉపన్యాసంగా మార్చలేదు.

మౌనం ఎంతసేపో, ఎలా ముగుస్తుందో ముందే చెప్పాలి. 'ఒక నిమిషం, తర్వాత గిటార్ మొదలవుతుంది' అంటే జనం నిలబడతారు. ముగింపు లేని మౌనాన్ని ఎవరో ఒకరు అరిచి ముగిస్తారు. సౌండ్ ఇంజినీర్ మైకులన్నీ మ్యూట్ చేసినా గిటార్ ఆంప్లిఫయర్ల బుయ్యిమనే చప్పుడు మిగులుతుంది. వాటిని స్టాండ్‌బైలో పెట్టే మనిషి వేరే ఉండాలి. బార్ కౌంటర్లు రెండు నిమిషాల ముందే మూయాలి. సెక్యూరిటీవాళ్ళ వాకీటాకీలకు ఇయర్‌పీసులు ఉండాలి. లైట్లు పూర్తిగా ఆర్పకూడదు. జనం ఒకరి మొహం ఒకరికి కనిపించేంత వెలుగుంటే సిగ్గు కూడా కాపలా కాస్తుంది. మౌనం మాటతో కాదు, ఒక స్వరంతో ముగియాలి.

తెర మీద పేర్లు వేయడం ఇంకో పద్ధతి. చేయాలనుకున్నవాళ్ళు ముందు లెక్క వేసుకోవాలి. తెరకు ఐదు పేర్లు, ఆరు సెకన్ల చొప్పున అయితే 130 పేర్లకు 26 తెరలు, అంటే రెండున్నర నిమిషాలు. ఒక నెమ్మదైన పాటలో చక్కగా ఇమిడిపోతుంది. అదే లెక్కన 2001 దాడుల్లో పోయిన 2,977 మందికి దాదాపు గంట కావాలి. యూటూ 2001 శరదృతువు కచేరీల్లోనూ, 2002 ఫిబ్రవరి 3న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్‌బౌల్ మధ్యవిరామంలోనూ పేర్లను కిందినుంచి పైకి పారే గోడలా నడిపింది అందుకే. అక్కడ చదివించడం ఉద్దేశం కాదు, ఎంతమందో కంటికి చూపించడమే. చదవాల్సిన పేర్లయితే వంద మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళ కోసం అక్షరం ఎత్తు 35 నుంచి 40 సెంటీమీటర్లయినా ఉండాలి. వరుస అక్షరక్రమంలోనే ఉండాలి. మతం, ఉద్యోగం, దేశం చూసి గుంపులు చేస్తే పక్కపక్కన చనిపోయినవాళ్ళను తెర మీద విడదీసినట్టవుతుంది. కుటుంబం వద్దన్న పేరు వేయకూడదు. ఒక్క పేరు అక్షరం తప్పు పడితే ఆ ఇంటివాళ్ళకు గుర్తుండేది ఆ తప్పే.

మాంచెస్టర్: పదమూడు రోజుల్లో

2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో అరియానా గ్రాండే కచేరీ ముగిసి జనం బయటికొస్తుండగా జరిగిన బాంబు దాడిలో 22 మంది పోయారు. జూన్ 4న ఓల్డ్ ట్రాఫర్డ్ క్రికెట్ మైదానంలో 'వన్ లవ్ మాంచెస్టర్' సహాయ కచేరీ జరిగింది. ముందు రాత్రే లండన్ బ్రిడ్జ్ దగ్గర మరో దాడి జరిగినా ఆపలేదు. ఆమె పాప్ గాయని. అయినా ఆ కచేరీకి వెన్నెముక మాంచెస్టర్ రాక్. మే 25న సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో మౌనం ముగిశాక జనంలో ఒకరు ఆ ఊరి రాక్ బ్యాండ్ ఒయాసిస్ పాట 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. అది ఏ కమిటీ ఎంచిన పాటా కాదు. కచేరీలో కోల్డ్‌ప్లే దాన్ని ఆమెతో కలిసి పాడి, ఊరు ఎంచుకున్న పాటను ఆ ఊరివాళ్ళకే తిరిగి ఇచ్చింది.

పాటల జాబితాలో ఇంకో సంగతి. చనిపోయిన అమ్మాయి తల్లి ఒకరు తన కూతురు హిట్ పాటలే వినాలనుకునేదని చెప్పడంతో అనుకున్న జాబితాను మార్చేశామని గ్రాండే వేదిక మీదే చెప్పింది. ఏడుపు పాటలు ఏరి కూర్చడం బయటివాళ్ళ ఊహ. పోయినవాళ్ళు వచ్చింది ఆడి పాడటానికి.

టికెట్ల దగ్గర పేచీ వచ్చింది. మే 22 కచేరీకి వచ్చినవాళ్ళకు ఉచిత టికెట్లు అన్నారు, రానివాళ్ళూ వేల సంఖ్యలో దరఖాస్తు పెట్టారు. అసలు టికెట్ కొనుగోలు వివరాలతో సరిపోల్చే పద్ధతి ముందుగా పెట్టుకోకుండా ఉచితం అని ప్రకటిస్తే జరిగేది ఇదే. డబ్బు విషయంలో మాత్రం పని పకడ్బందీగా సాగింది. విరాళాలు అప్పటికే నడుస్తున్న నిధిలోకి వెళ్ళాయి, అక్కడినుంచి చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 2,50,000 పౌండ్లు చేరాయి.

దీన్ని 1971తో పోల్చి చూడాలి. ఆ ఆగస్టు 1న బీటిల్స్ మాజీ సభ్యుడు జార్జ్ హారిసన్, సితార్ విద్వాంసుడు రవిశంకర్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకే రోజు రెండు కచేరీలు చేశారు. టికెట్ల మీద సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కి త్వరగానే చేరాయి. రికార్డు మీద వచ్చిన అసలు పెద్ద డబ్బు మాత్రం ఏళ్ళ తరబడి పన్ను అధికారుల దగ్గర ఇరుక్కుపోయింది. కచేరీకి ముందే సేవాసంస్థ పేరుతో పన్ను మినహాయింపు తీసుకోకపోవడమే కారణం. టికెట్ అమ్మకానికి ముందే ఖాతా, నమోదు, ఎవరికి ఎంత అన్న నియమం కాగితం మీద ఉండాలన్న పాఠం తర్వాతి సహాయ కచేరీలకు మిగిలింది.

మతం అడ్డు వచ్చినచోట

1975 జూలై 31 తెల్లవారుజామున, క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల పోరు నడుస్తున్న ఉత్తర ఐర్లండ్‌లోని బాన్‌బ్రిడ్జ్‌లో కచేరీ ముగించుకుని డబ్లిన్‌కి తిరిగివెళ్తున్న మయామీ షోబ్యాండ్ వ్యానును సైనికుల వేషంలో ఉన్న సాయుధులు ఆపారు. ఆ బ్యాండ్‌లో క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి వాయించేవారు. ముగ్గురు సభ్యులను చంపేశారు. వ్యానులో పెట్టబోయిన బాంబు ముందే పేలి సాయుధుల్లో ఇద్దరు కూడా పోయారు. హాల్లో ఆ రాత్రి ఏ గొడవా లేదు. చావు దారిలో కాచుకుంది. ఆ తర్వాత దక్షిణాన ఉన్న ఐర్లండ్ దేశపు బ్యాండ్లు సరిహద్దు దాటడానికి జంకాయి, రాత్రి సంగీతం చాలావరకు చచ్చిపోయింది.

మళ్ళీ లేచింది ఎక్కడ? 1970ల చివర్లో బెల్‌ఫాస్ట్ నడిబొడ్డున, హార్ప్ బార్ లాంటి చోట్ల, పంక్ బ్యాండ్లతో. రెండు మతాల కుర్రాళ్ళూ అక్కడ కలవడానికి ప్రేమ సందేశాలు కారణం కాదు. సాయంత్రమైతే భద్రతా గేట్ల వెనక నిర్మానుష్యమయ్యే నగరకేంద్రం ఏ వర్గం పేటా కాదు. క్యాథలిక్ పేటలో పెడితే సగంమంది రారు, ప్రొటెస్టెంట్ పేటలో పెడితే మిగతా సగం రారు. ఎవరిదీ కాని చోటు దొరికితే చాలు, మిగతాది డ్రమ్స్ చూసుకుంటాయి.

యూటూ ఈ విషయంలో తప్పులూ చేసింది, ఒప్పులూ చేసింది. 1987 నవంబర్ 8న ఉత్తర ఐర్లండ్‌లోని ఎన్నిస్కిలెన్‌లో ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ బాంబుకు 11 మంది చనిపోయిన రోజే అమెరికాలోని డెన్వర్‌లో ఆ బ్యాండ్ కచేరీ. తమ పాట 'సండే బ్లడీ సండే' మధ్యలో గాయకుడు బోనో విప్లవం పేరుతో చేసే హత్యల మీద విరుచుకుపడ్డాడు. గేర్ ఓడిపోయినచోట ఇది ఎందుకు నిలిచింది? బోనో తిట్టింది తనవాళ్ళుగా చెప్పుకునేవాళ్ళనే. సముద్రం ఇవతల కూర్చుని ఐరిష్ పోరాటాన్ని పొగిడే ఐరిష్ అమెరికన్లకు ఒక ఐరిష్‌వాడు చెప్పిన మాట అది. అవతలి పక్షాన్ని తిట్టడానికి వేదిక అక్కర్లేదు.

1993లో అదే బ్యాండ్ ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరయేవోకు కచేరీ మధ్యలో ఉపగ్రహ లింకు పెట్టింది. పాట నుంచి యుద్ధానికి, యుద్ధం నుంచి పాటకు. లండన్ వెంబ్లీలో ఒక రాత్రి తెర మీదికొచ్చిన సరయేవో మహిళలు, మీరు మళ్ళీ మీ కచేరీకి వెళ్ళిపోతారు, మమ్మల్ని మరిచిపోతారు అని మొహం మీదే అనేశారు. ఆ ఆగస్టులోనే లింకులు ఆపేశారు. బాధితుణ్ణి చూపించి వెంటనే హిట్ పాట ఎత్తుకుంటే పుండు మీద కారమే.

నాలుగేళ్ళ తర్వాత, 1997 సెప్టెంబర్ 23న, బ్యాండ్ స్వయంగా సరయేవో కోషెవో స్టేడియానికి వెళ్ళింది. సుమారు 45,000 మంది వచ్చారు. బోస్నియాక్ ముస్లింలు, ఆర్థొడాక్స్ సెర్బులు, క్యాథలిక్ క్రొయేట్లు ఒకరినొకరు చంపుకున్న యుద్ధం ముగిసి రెండేళ్ళు కూడా కాలేదు. బోనో గొంతు పోయింది, చాలాచోట్ల జనమే పాడారు. సంగీతంగా చూస్తే అది వాళ్ళ మంచి రాత్రి కాదు. గొప్పతనం వేరేచోట ఉంది. మోస్తార్, మగ్లాయ్ వైపుల నుంచి యుద్ధం తర్వాత తొలిసారి రైళ్ళు నడిచాయి, పొరుగు దేశాలవాళ్ళకు వీసా అక్కర్లేదన్నారు, టికెట్ ధర 15 జర్మన్ మార్కుల దగ్గర ఉంచారు, అంతర్జాతీయ శాంతిసేన కాపలా కాసింది. యూటూ కంటే ముందు స్థానిక రాక్ బ్యాండ్లతో పాటు గాజీ హుస్రెవ్ బేగ్ మదరసా అమ్మాయిల బృందం కూడా పాడింది.

వేదిక మీద చేతులు కలిపే దృశ్యానికి విలువ ఉంది, కానీ దానికో షరతుంది. 1978 ఏప్రిల్ 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో బాబ్ మార్లే ఇద్దరు ప్రత్యర్థి నేతలు మాన్లీ, సియాగాల చేతులు కలిపి పైకెత్తాడు. రెండేళ్ళకు వచ్చిన ఎన్నికల్లో వందలమంది చనిపోయారు. 1998 మే 19న బెల్‌ఫాస్ట్ వాటర్‌ఫ్రంట్ హాల్లో బోనో అదే భంగిమలో క్యాథలిక్ జాతీయవాద నేత జాన్ హ్యూమ్, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్ యూనియనిస్టు నేత డేవిడ్ ట్రింబుల్ చేతులు ఎత్తాడు. మూడు రోజుల తర్వాత శాంతి ఒప్పందం మీద జరిగిన రెఫరెండంలో ఉత్తర ఐర్లండ్ 71 శాతం ఓట్లతో అవునంది. తేడా గాయకుల్లో లేదు. బెల్‌ఫాస్ట్‌లో ఏప్రిల్ 10నే శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కచేరీ దానికి ఒక ఫోటో ఇచ్చింది, అంతే. కింగ్‌స్టన్‌లో ఫోటో తప్ప వెనక ఏమీ లేదు. బెల్‌ఫాస్ట్‌లో ఆ ఇద్దరినీ మాట్లాడించకపోవడం కూడా తెలివైన పని. ఎవరు ఏ మాటన్నా ఒక సగం హాలు అది తనది కాదనుకునేది.

ఒక్కోసారి చీలిక వేదిక మీదినుంచే వస్తుంది. బటాక్లాన్ నుంచి ప్రాణాలతో బయటపడిన బ్యాండ్ గాయకుడు 2016లో ముస్లింల గురించి చేసిన వ్యాఖ్యల వల్ల రెండు ఫ్రెంచ్ ఉత్సవాలు ఆ బ్యాండ్‌ని తీసేశాయి. ఒక్కోసారి బయటి ఒత్తిడే గెలుస్తుంది. 2019 ఆగస్టు 9న జరగాల్సిన లెబనాన్ రాక్ బ్యాండ్ మష్రూ లైలా కచేరీని, చర్చి వర్గాల అభ్యంతరాల తర్వాత, రక్తపాతం జరక్కుండా అంటూ బిబ్లోస్ ఉత్సవం రద్దు చేసింది. నిర్వాహకుల భయం నిజమే కావచ్చు. కానీ కారణాన్ని ఆ మాటల్లో చెబితే, బెదిరిస్తే పనవుతుందని బెదిరించినవాళ్ళకు రాసిచ్చినట్టే.

కశ్మీర్‌లో ఒత్తిడికి నిలిచిందీ, లొంగిందీ రెండూ కనిపిస్తాయి. 2008 మే 25న శ్రీనగర్‌లో పాకిస్తానీ సూఫీ రాక్ బ్యాండ్ జునూన్, మిలిటెంట్ల బహిష్కరణ పిలుపు ఉన్నా, గట్టి కాపలా మధ్య వాయించి వెళ్ళిపోయింది. 2012 డిసెంబర్‌లో అదే ఊళ్ళో పోటీకెక్కిన ప్రగాష్ అనే స్కూలమ్మాయిల బ్యాండ్ మీద ఆన్‌లైన్ బెదిరింపులు, పెద్ద ముఫ్తీ ఫత్వా వచ్చి పడ్డాయి. ముఖ్యమంత్రి బాహాటంగా మద్దతు పలికినా 2013 ఫిబ్రవరికల్లా ఆ పిల్లలు వాయించడం మానేశారు. జునూన్‌కి మర్నాడు విమానం ఉంది. ఆ పిల్లలకు మర్నాడు అదే వీధి.

అందుకే చీలిన ఊళ్ళో కచేరీ పెట్టేవాళ్ళు నినాదం రాయడానికి ముందు బస్సుల టైమింగ్ చూస్తారు. చివరి బస్సుకు కనీసం నలభై నిమిషాల ముందు చివరి పాట ముగించాలి. ఏ పేటకు ఆ పేట అని గేట్లు విడగొడితే రోడ్డు మీద రెండు గుంపులు తయారవుతాయి కాబట్టి, అందరూ ఒకే పెద్ద గేటు నుంచి బయటికొచ్చి, నడక దారంతా వెలుతురుండి, బస్సుల దగ్గర మాత్రమే చీలాలి. వర్గాన్ని చూపే జెండాలు, ఫుట్‌బాల్ జెర్సీలు ప్రవేశం దగ్గరే ఆపాలి, తిరిగి వెళ్ళేటప్పుడు ఇవ్వడానికి టోకెన్ ఉండాలి. పండుగ రోజు, ప్రార్థన వేళ క్యాలెండర్‌లో చూసుకోవాలి. సౌండ్ చెక్ కూడా శబ్దమే, పక్కన గుడో మసీదో చర్చో ఉంటే అది ఏ గంటకు మొదలవుతుందో వాళ్ళకు ముందు రోజే చెప్పాలి. వాయించినవాళ్ళ వ్యాను మాత్రం జనంతో పాటు కాదు, వేరే సమయానికి, వేరే దారిన బయలుదేరాలి.